శివారు దాకా పారాలంటే

వంశధార, నాగావళి పుట్టింది ఒకే కొండల్లో. ఒడిశాలోని కలహండి జిల్లా తువాముల్ రాంపూర్ ఎత్తుల్లోనూ, దాన్ని ఆనుకుని ఉన్న రాయగడ జిల్లా సరిహద్దులోనూ ఊటలుగా మొదలవుతాయి. చెరో దారిన సుమారు 250 కిలోమీటర్లు నడిచి, మళ్లీ ఒకే జిల్లాలో సముద్రంలో కలుస్తాయి. వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కళ్లేపల్లి దగ్గర. ఆ రెండు సాగరసంగమాల నడుమ ఉన్న నేలలో ఎక్కువ భాగం శ్రీకాకుళం జిల్లా గార మండలానిది. కూర్మనాథస్వామి గుడి ఉన్న శ్రీకూర్మం, బౌద్ధ స్తూపాల శాలిహుండం, పాత ఓడరేవు కళింగపట్నం ఈ మండలంలోనివే.

నదికి ఇది చివర. వంశధార కాలువకూ ఇది చివరే. పైనున్న రాష్ట్రం వాడుకోగా, బ్యారేజీలు ఆపుకోగా, కాలువ మొదట్లో ఉన్న చేలు తడవగా, పట్టణాల పంపులు తోడుకోగా ఏం మిగిలిందో తేలేది ఇక్కడే. నీటి పంపకాన్ని సాధారణంగా పైనుంచి కిందికి చూస్తారు. ఒప్పందం, ట్రిబ్యునల్, బ్యారేజీ, ఆయకట్టు అనే వరసలో. ఆ పంపకం సరిగ్గా జరిగిందో లేదో చూడాలంటే మాత్రం శివారులో నిలబడే చూడాలి.

నది ఇచ్చేదెంత

వంశధార పరీవాహక ప్రాంతం 10,830 చదరపు కిలోమీటర్లు. అందులో 8,015 ఒడిశాలో, 2,815 ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. అంటే నదికి నీరు పోసే నేలలో దాదాపు మూడొంతులు పై రాష్ట్రానిది. మంచుకొండల్లో పుట్టిన నది కాదు కాబట్టి వానే దిక్కు. జూన్ నుంచి అక్టోబరు దాకా కురిసిన వానతోనే ఏడాదంతా గడవాలి. పైగా తూర్పు కనుమల వాలు నిటారుగా ఉండడంతో వరద ఒక్క ఉదుటున వచ్చి, కొద్ది రోజుల్లోనే సముద్రం పాలవుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వంశధార గట్లు మించి ఊళ్లమీద పడింది. అదే నది ఏప్రిల్, మే నెలల్లో ఇసుక మేటల మధ్య సన్నని పాయగా మిగులుతుంది.

ఈ నీటిని కొలవడానికి వాడే టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లీటర్లలో 2,831 కోట్లు. కాలువలో సెకనుకు 11,574 ఘనపుటడుగుల చొప్పున ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. కోస్తా నేలల్లో ఆ నీటితో సుమారు ఎనిమిది నుంచి పదివేల ఎకరాల ఖరీఫ్ వరి పండుతుందని సాగునీటి ఇంజనీర్లు లెక్కవేస్తారు. వంశధారలో 75 శాతం భరోసాతో దొరికే నీరు ఏడాదికి 115 టీఎంసీలు. నాలుగేళ్లలో మూడేళ్లు అంతకు తగ్గకుండా వస్తుందని దాని అర్థం. నాలుగో ఏడు అంత రాదు. ఆ నాలుగో ఏట లోటును ఎవరు భరించాలన్నదే అసలు చిక్కు. లోటంతా చివర ఉన్నవాడి మీదే పడితే దాన్ని పంపకం అనలేం.

చెరి సగం

వంశధార నీటిని రెండు రాష్ట్రాలు సగం సగం పంచుకోవాలని 1962 సెప్టెంబరు 30న ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత హిరమండలం మండలంలో గొట్టా బ్యారేజీ వచ్చింది. 1970లలో కట్టిన ఆ బ్యారేజీ నుంచి ఎడమ ప్రధాన కాలువ వంద కిలోమీటర్లకు పైగా సాగి, నరసన్నపేట, టెక్కలి వైపు 1,48,230 ఎకరాలకు నీరివ్వాలి. కుడి ప్రధాన కాలువ కింద 62,280 ఎకరాలు. ప్రాజెక్టుకు బొడ్డేపల్లి రాజగోపాలరావు పేరు పెట్టారు.

గొట్టా దగ్గర నీరు నిలవ ఉండదు. నది పారినంత కాలమే కాలువ పారుతుంది. వరద నీటిని దాచుకునే చోటు కావాలి. అందుకోసం పైన భామిని మండలం నేరడి దగ్గర బ్యారేజీ కట్టి, అక్కడి నుంచి వరద కాలువతో హిరమండలం రిజర్వాయరు నింపాలని ఆంధ్రప్రదేశ్ తలచింది. నేరడి దగ్గర నదికి ఒక గట్టు ఆంధ్రది, అవతలి గట్టు ఒడిశాది. బ్యారేజీకి ఒడిశా భూమి 106 ఎకరాలు అవసరం. దశాబ్దాలుగా పని ఆగింది ఆ ఎకరాల దగ్గరే.

దాంతో ఇంజనీర్లు వేరే దారి వెతికారు. అదే మండలంలోని కాట్రగడ్డ దగ్గర, నదికి అడ్డుగా కాకుండా పక్కన, ఆంధ్ర గట్టు మీదే పొర్లుకట్టు కట్టారు. సైడ్ వియర్ అంటున్నది దీన్నే. నది మామూలుగా పారుతున్నప్పుడు దీనిలోకి నీరు రాదు. మట్టం పెరిగినప్పుడు మాత్రం అంచు మీదుగా పొర్లి వరద కాలువలో పడుతుంది. అవతలి గట్టును ముట్టుకోనక్కర్లేదు. అయినా తమ వైపు నది దారి మారుతుందని, నీరు తగ్గుతుందని ఒడిశా అభ్యంతరం చెప్పింది. 2006లో కేంద్రానికి ఫిర్యాదు చేసి, తర్వాత సుప్రీంకోర్టు మెట్లెక్కింది. కోర్టు 2009లో ఇచ్చిన ఆదేశంతో 2010లో వంశధార జలవివాదాల ట్రిబ్యునల్ ఏర్పడింది. జస్టిస్ ముకుందకం శర్మ దానికి అధ్యక్షులు.

ట్రిబ్యునల్ 2013 డిసెంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. కాట్రగడ్డ పొర్లుకట్టుకు అనుమతిస్తూ, జూన్ 1 నుంచి నవంబరు 30 మధ్య మాత్రమే నీరు తీసుకోవాలని, ఏడాదికి 8 టీఎంసీలు కాగానే గేటు దించేయాలని చెప్పింది. 2017 సెప్టెంబరు 13న తుది నిర్ణయం వచ్చింది. 115 టీఎంసీలు చెరి సగం. నేరడి బ్యారేజీకి పచ్చజెండా. అవసరమైన 106 ఎకరాలను ఆంధ్ర ఖర్చుతో ఒడిశా సేకరించి ఇవ్వాలి. బ్యారేజీ పూర్తయ్యాక కాట్రగడ్డ పొర్లుకట్టు మూసేయాలి. అమలు చూడడానికి రెండు రాష్ట్రాలకూ చోటున్న నియంత్రణ సంస్థ ఉండాలి. దీనిపై వచ్చిన అభ్యర్థనలు విని 2021 జూన్‌లో ట్రిబ్యునల్ తన చివరి నివేదిక ఇచ్చింది. అదే ఏడాది నవంబరు 9న ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కూర్చుని నేరడి గురించి మాట్లాడుకున్నారు.

ఇంత వివరంగా చెప్పుకోవాల్సింది ఒక్క విషయం కోసం. ఆ మధ్యంతర ఉత్తర్వులో ఉన్నది టీఎంసీల అంకె మాత్రమే కాదు. ఏ నెల నుంచి ఏ నెల దాకా తీసుకోవచ్చు, ఎంత అయ్యాక ఆపాలి అన్నది కూడా ఉంది. నీటి పంపకంలో మేలైన పద్ధతి అది. ఎంత అన్న ప్రశ్నకు తోడు ఎప్పుడు అన్న ప్రశ్న వేయకపోతే, కాగితం మీద సగం వాటా ఉన్నవాడికి పంట ఎండే వేళ చుక్క అందకపోవచ్చు.

హిరమండలం రిజర్వాయరు సామర్థ్యం 19.05 టీఎంసీలు. దాని కోసం హిరమండలం, కొత్తూరు, ఎల్.ఎన్.పేట మండలాల్లో పల్లెలు ఖాళీ అయ్యాయి. తరాల నాటి ఇళ్లు, పొలాలు, శ్మశానాలు వదిలి జనం పునరావాస కాలనీలకు వెళ్లారు. పరిహారం కోసం ఏళ్ల తరబడి పోరాడారు. కింది మండలాల్లో ఎకరా తడిసిందంటే దాని వెనుక పై మండలాల్లో మునిగిన ఎకరా ఉంది. ఆయకట్టు లెక్కల్లో ఆ వరస ఎక్కడా కనబడదు. కనబడాలి.

నాగావళి కథ కొంత వేరు. పార్వతీపురం దగ్గర తోటపల్లిలో 1908 నాటి పాత రెగ్యులేటర్ కింద 64 వేల ఎకరాలు సాగవుతుండేవి. 2015 సెప్టెంబరులో సర్దార్ గౌతు లచ్చన్న పేరుతో కొత్త బ్యారేజీని జాతికి అంకితం చేశారు. కొత్తగా 1,20,000 ఎకరాలకు నీరివ్వడం దాని లక్ష్యం. నాగావళి ఉపనది జంఝావతి మీద డ్యాం కడితే ఒడిశా భూములు మునుగుతాయి కాబట్టి, కొమరాడ మండలంలో 2006లో రబ్బరు డ్యాం పెట్టారు. గాలి నింపితే ఉబ్బి నీటిని నిలుపుతుంది, వరదొస్తే గాలి తీసేసి నదిని వదిలేయవచ్చు. ఇక సువర్ణముఖి మీద మడ్డువలస, నాగావళి మీద నారాయణపురం ఆనకట్ట ఉన్నాయి. హిరమండలం నుంచి నారాయణపురం దాకా కాలువ తవ్వి వంశధారను నాగావళితో కలిపే పని కూడా చేపట్టారు. కొండల్లో విడిపోయిన నదులు మైదానంలో కాలువతో కలవాలన్నమాట.

గొట్టా నుంచి గార దాకా

సాధారణంగా జులైలో గొట్టా దగ్గర కాలువలకు నీరు వదులుతారు. ఆ నీరు మొదటి మైళ్ల చేలకు ముందు చేరుతుంది. అక్కడి రైతు దమ్ము పట్టి ఉభాలు ముగించేసరికి, శివారు రైతు ఆకుమడి ఎండకుండా కాపాడుకునే పనిలో ఉంటాడు. నారు ముదిరిపోతే పిలకలు తక్కువ, దిగుబడి తక్కువ. అందుకే శివారులో చాలామంది ఎద పద్ధతికి మళ్లారు. తొలకరికి పొడి దుక్కిలోనే విత్తనం జల్లుకుంటే దమ్ముకు కాలువ నీటి కోసం ఎదురుచూడనక్కర్లేదు. కలుపు మాత్రం చంపేస్తుంది. ఆగస్టులో చినుకు పడకపోతే చేను మాడుతుంది. ఎద పద్ధతిని వ్యవసాయ శాస్త్రవేత్తలు నీటి పొదుపు సాగుగా మెచ్చుకుంటారు. శివారు రైతుకు అది ఇష్టపడి ఎంచుకున్న దారి కాదు, వేరే దారి లేక పట్టిన దారి.

కాలువలో నీరుండీ చేనికి ఎందుకు ఎక్కదో పిల్లకాలువ తూము దగ్గర నిలబడితే తెలుస్తుంది. తూముకు ఒక గడప ఉంటుంది. కాలువ నిండా పారినప్పుడు నీరు ఆ గడప దాటి పొలంలోకి వెళ్లేలా కట్టారు. కాలువ సగమే పారితే నీరు గడప కింద నుంచే కదిలిపోతుంది. గట్టు మీద నిలబడిన రైతుకు నీరు కళ్లెదుట కనిపిస్తుంది, మడిలోకి మాత్రం రాదు. అప్పుడు ఆయిల్ ఇంజన్ తెచ్చి పెడతాడు. ఆ ఇంజన్ లాగిన మేరకు కింది తూముకు మట్టం ఇంకా తగ్గుతుంది. కింది రైతూ ఇంజన్ తెస్తాడు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఒక్కో ఇంజన్ చప్పుడుకూ నీరు మరో ఊరు దూరమవుతుంది.

కాలువ సగమే పారడానికి నదిలో నీరు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. గుర్రపుడెక్క, తూటికాడ కాలువ నిండా అల్లుకుని వేగాన్ని చంపేస్తాయి. పూడిక లోతును తినేస్తుంది. తుప్పు పట్టిన షట్టరు కిందికి దిగదు, దిగినా సందుల్లోంచి కారుతూనే ఉంటుంది. మట్టి కాలువలో ఇంకిపోయేది సరేసరి. గండి పడితే రాత్రికి రాత్రి ఇసుక బస్తాలు వేయాల్సింది ఊరివాళ్లే. షట్టరు ఎప్పుడు ఎంత ఎత్తాలో చూసే లస్కరు లేని చోట, ఆ పని బలం ఉన్నవాడి చేతిలోకి పోతుంది.

దీనికి పాత విరుగుడు వంతు. ఎగువ తూములన్నీ కొన్ని రోజులు దించి, కాలువను నిండుగా శివారుకు పంపడం. ఆ తర్వాత ఎగువకు వదలడం. అందరికీ రోజూ కొంచెం కొంచెం ఇవ్వడం కంటే, వంతుల వారీగా నిండు కాలువ ఇవ్వడమే మేలు. గడప దాటే మట్టం వస్తేనే నీరు మడిలో పడుతుంది కదా. ఈ బాధ్యత రైతులకే అప్పగించాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో చట్టం తెచ్చింది. సాగునీటి సంఘాలు, వాటికి ఎన్నికలు దానితోనే వచ్చాయి. దేశంలో చాలా రాష్ట్రాలు ఆ నమూనాను చూసి నేర్చుకున్నాయి. తర్వాత సంఘాలు చాలాకాలం పాలకవర్గాలు లేకుండా పడి ఉన్నాయి. 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. కాలువ మొదటి ఊరు, చివరి ఊరు ఒకే సంఘంలో కూర్చుంటే వంతు నిలబడే అవకాశం ఉంది. వేర్వేరు సంఘాలైతే పై సంఘం ఎప్పుడు వదిలితే అప్పుడే నీరు.

శివారు కష్టంలో ఇంకో సగం కూడా ఉంది. ఎండలో చివరగా తడిసే ఆ పల్లపు నేలే వరదలో అందరికంటే ముందు మునుగుతుంది. ఎగువ చేల మురుగంతా గెడ్డల గుండా దిగి అక్కడే చేరుతుంది. గెడ్డ మొగ ఇసుకతో పూడిపోయి ఉంటే నీరు సముద్రంలోకి పోక, వారాల తరబడి చేలోనే నిలిచిపోతుంది. వంశధార కాలువల ఆధునికీకరణ అంటే కాలువకు సిమెంటు వేయడం ఒక్కటే కాకూడదు. మురుగు గెడ్డల పని కూడా అంతే ముఖ్యం.

వరి కోతలయ్యాక ఈ జిల్లా రైతులు చేసే ఒక పని నీటి విలువ తెలిసినవాళ్లే చేయగలరు. నేలలో మిగిలిన పదును మీద, మంచు మీద మినుము, పెసర పండిస్తారు. ఆ పంటకు కాలువ నీరు అక్కర్లేదు. వరి ఆలస్యమైతే మాత్రం ఆ పదును ఆరిపోతుంది. అంటే జులైలో శివారుకు నీరు ఆలస్యమైతే పోయేది వరి దిగుబడి ఒక్కటే కాదు, సంక్రాంతి నాటికి పచ్చగా ఉండాల్సిన అపరాలు కూడా.

ఊట బావులు, గొట్టాలు

శ్రీకాకుళం పట్టణం తాగేది నాగావళి నీరు. విజయనగరానికి చంపావతి ఆధారం. ఈ నదుల్లో వేసవిలో పైకి కనిపించే నీరు తక్కువ. పట్టణాలకు నీరిచ్చేది ఇసుక కింద కదిలే ఊట. నది గర్భంలో బావి దించి, చుట్టూ చిల్లులున్న గొట్టాలను ఇసుకలోకి పరుస్తారు. నీరు ఇసుక పొరల గుండా వడకట్టుకుంటూ వచ్చి బావిలో చేరుతుంది. సహజమైన ఫిల్టరు అది. ఇసుక ఎంత మందంగా ఉంటే అంత నీరు, అంత శుభ్రం.

అందుకే ఈ నదుల్లో ఇసుక తవ్వకం నీటి పంపకంలో భాగం. లారీల కొద్దీ ఇసుక పోతే నది అడుగు దిగిపోతుంది. ఊట మట్టమూ దాని వెంటే దిగుతుంది. ఊట బావి గొట్టాలు పైకి తేలతాయి. ఒడ్డు ఊళ్ల నూతులు ఎండుతాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న చోట్ల తీపి నీరు తగ్గిన మేరకు ఉప్పునీరు లోపలికి జరుగుతుంది. ఏ ట్రిబ్యునల్ ముందుకూ రాని నష్టం ఇది. ఒక్క టీఎంసీ కూడా ఎవరూ తీసుకోకుండానే ఊరి నీరు పోతుంది.

పట్టణానికి, పొలానికి మధ్య తగువు విజయనగరం జిల్లాలో స్పష్టంగా కనిపిస్తుంది. గోస్తని మీద 1960లలో కట్టిన తాటిపూడి రిజర్వాయరు 15 వేల పైచిలుకు ఎకరాల కోసం వచ్చింది. అక్కడి నుంచే విశాఖపట్నం దాహానికీ గొట్టం వేశారు. నగరం పెరిగే కొద్దీ గొట్టం ఆగదు, వానలు తగ్గిన ఏడు కాలువ ఆగుతుంది. చంపావతి మీద చేపట్టిన తారకరామ తీర్థసాగరం నుంచి విజయనగరం పట్టణానికి, భోగాపురం విమానాశ్రయానికి కూడా నీరివ్వాలన్నది ఆలోచన. ఉత్తరాంధ్ర మొత్తానికి గోదావరి నీరు తెచ్చే సుజల స్రవంతి పథకం 63.2 టీఎంసీలతో ఎనిమిది లక్షల ఎకరాలను లక్ష్యంగా పెట్టుకుంది. అది పూర్తయితే తాటిపూడి లాంటి చోట్ల పొలం నీరు పొలానికే వదలవచ్చు.

ఉద్దానం సంగతి వేరు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో కిడ్నీ జబ్బు ఇళ్లకు ఇళ్లనే ఖాళీ చేసింది. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు తేల్చలేకపోయినా, మంచి నీరు ఇవ్వడానికి కారణం తేలేదాకా ఆగనక్కర్లేదు. హిరమండలం రిజర్వాయరు నుంచి 807 ఊళ్లకు గొట్టాల ద్వారా వంశధార నీరు ఇచ్చే 700 కోట్ల రూపాయల పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. దానికి కేటాయించినది 1.12 టీఎంసీలు. రోజుకు 8 కోట్ల 70 లక్షల లీటర్లు. అదే నీరు వరికి ఇస్తే పదివేల ఎకరాలకు అటూ ఇటూ సరిపోతుంది. 19 టీఎంసీల రిజర్వాయరులో ఇది చిన్న ముక్క. తాగునీటికి ఇస్తే సాగు దెబ్బతింటుందన్న భయం ఎక్కువ చోట్ల లెక్క చూడక వచ్చేదే. తాగునీటికి కావలసింది ఎక్కువ నీరు కాదు, ఏప్రిల్, మేలో కూడా తప్పని నీరు.

మొగ, తంపర, బీల

నది సముద్రంలో కలిసే చోటును బెస్తలు మొగ అంటారు. వానాకాలం వరద ఇసుక దిబ్బను కోసి మొగ తెరుస్తుంది. పండుగప్ప, కొయ్యింగ పిల్లలు, రొయ్య పిల్లలు ఉప్పునీటి నుంచి తీపినీటికి ఎక్కేది ఆ దారినే. వరద తగ్గాక అలలు ఇసుకను మళ్లీ పోగేస్తాయి. నదిలో పారకం చాలకపోతే మొగ మూసుకుపోతుంది. పడవ బయటికి పోదు, చేప లోపలికి రాదు. వరద నీరు సముద్రం పాలైపోతోందని రైతు సభల్లో వాపోతారు. బ్యారేజీ దిగువన బతికేవాళ్లకు ఆ పారిన నీరే ఏడాది జీతం.

నదులు తెచ్చిన ఇసుకే ఈ తీరపు దిబ్బ. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఆ ఇసుకలో గుంట తీసి, ఒక్కోటి వంద పైగా గుడ్లు పెట్టి వెళతాయి. ఒడిశాలో రుషికుల్య మొగ దగ్గర లక్షల సంఖ్యలో ఒకేసారి వస్తాయి. శ్రీకాకుళం తీరంలో అక్కడక్కడా వస్తాయి. గుడ్లను కుక్కలు, నక్కలు తవ్వకుండా హేచరీల్లో పెట్టి, ఏడెనిమిది వారాలకు పిల్లల్ని సముద్రంలో వదులుతారు. శ్రీకూర్మం గుడి ఆవరణలో పెంచుతున్న తాబేళ్లు వీటి జాతి కాదు. అవి మెట్ట పొదల్లో బతికే నక్షత్ర తాబేళ్లు. కూర్మావతారానికి గుడి కట్టి కొలిచే ఊరికి ఇంత దగ్గర్లో సముద్రపు తాబేలు గుడ్లు పెట్టే చోటు ఉండడం ఈ నేల అదృష్టం. పై బ్యారేజీల వెనుక ఇసుక నిలిచిపోతే, నదిలో మిగిలినది లారీల్లో పోతే, తీరానికి కొత్త ఇసుక రాదు. కోత మొదలైన తీరంలో తాబేలుకు గుంట తీసే చోటు ఉండదు.

టెక్కలి మండలం తేలినీలాపురానికి ఏటా సెప్టెంబరు, అక్టోబరుల్లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. ఊళ్లోని చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలు ఎగిరాక మార్చి, ఏప్రిల్‌లో వెళ్లిపోతాయి. సైబీరియా పక్షులని ఊరివాళ్లు ముద్దుగా పిలుచుకుంటారు గాని ఇవి ఈ దేశపు పక్షులే. అవి వస్తేనే వానలు, పంటలు అని నమ్మి ఊరు వాటిని కాపాడుకుంటోంది. పిల్లలకు మేత కోసం అవి వెళ్లేది నౌపడ తంపరలకు, చుట్టుపక్కల చెరువులకు. గెడ్డల నీరు, ఆయకట్టు మిగులు నీరు, సముద్రపు పోటు నీరు కలిసే పల్లాలే తంపరలు. ఊరు ఎంత ప్రేమగా చూసినా, తంపరలో చేప లేకపోతే గూడు నిలవదు.

తంపరలను, బీలలను ప్రభుత్వ రికార్డులు చాలాకాలం పనికిరాని భూములుగానే చూశాయి. సోంపేట దగ్గరి బీల అలా రాసుకున్న భూమే. వానాకాలం నీరు పట్టి ఏడాదంతా నిలిపే ఆ పల్లం చుట్టూ వరి చేలు, చేపల వేట, పశువుల మేత నడుస్తాయి. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం పెట్టబోతే ఊళ్లు అడ్డుకున్నాయి. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. రైతుదీ కొంగదీ ఒకే నీరని ఆ ఊళ్లు చెప్పడానికి చెల్లించిన మూల్యం అది.

నది ఎగువన ఏనుగులది మరో కథ. 2018లో ఒడిశా నుంచి దిగిన మంద కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి మండలాల్లో నాగావళి ఒడ్డునే తిరుగుతూ ఉండిపోయింది. నీరు, చెరకు, అరటి, వరి ఒకే చోట దొరికితే కదలవు. పంటలు తొక్కాయి, మనుషులు చనిపోయారు. 2023 మేలో వంశధార పక్కన కాట్రగడ్డ దగ్గర నాలుగు ఏనుగులు కరెంటు షాక్‌తో చనిపోయాయి. ఏనుగు దారి, వరద కాలువ, కరెంటు తీగ ఒకే ఊళ్లో కలిశాయి. అడవి దారులను పటంలో గుర్తించాకే కాలువ గీత గీయాలనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

వేళ తప్పని వాటా

చెరి సగం అన్న లెక్కలో ఉన్నవి రెండు రాష్ట్రాల పేర్లు. నదికీ ఒక వాటా రాసిపెట్టిన చోట్లు లోకంలో ఉన్నాయి. ఆస్ట్రేలియా 2007లో చట్టం చేసి, 2012లో ముర్రే–డార్లింగ్ నదులకు ప్రణాళిక వేసింది. రైతుల నుంచి నీటి హక్కులు కొని, కాలువలు బాగుచేసి పొదుపైన నీటిని కలిపి, ఏటా 2,750 గిగాలీటర్లు నదికే వదలాలన్నది అప్పటి లక్ష్యం. మన లెక్కలో 97 టీఎంసీలు, దాదాపు మొత్తం వంశధార అంత. మన దేశంలో 2018 అక్టోబరులో కేంద్రం ఎగువ గంగకు కనీస ప్రవాహం నిర్ణయించింది. నవంబరు నుంచి మార్చి దాకా సహజంగా వచ్చే నీటిలో 20 శాతం, అక్టోబరు, ఏప్రిల్, మే నెలల్లో 25, జూన్ నుంచి సెప్టెంబరు దాకా 30 శాతం నదిలో ఉండాలి. 2002 జాతీయ జలవిధానంలో పర్యావరణం తాగునీరు, సాగు, జలవిద్యుత్ తర్వాత నాలుగో వరసలో ఉండేది. 2012 విధానం తాగునీటి తర్వాత ఆహార భద్రత, జీవనాధార సాగు, జీవావరణపు కనీస అవసరాలను ఒకే వరసలో చేర్చింది.

వంశధారకు ఆస్ట్రేలియా అంత డబ్బు, అంత వాటా అక్కర్లేదు. ఇక్కడ రైతుకు, పట్టణానికి, మొగకు నీరు కావాల్సిన వేళలు చాలావరకు వేరువేరు. జులై, ఆగస్టులో నది నిండుగా ఉన్నప్పుడు మొగ తెరుచుకోవాలి, చేప ఎక్కాలి. అప్పుడు వరదంతా మళ్లించకుండా కొన్ని ఉద్ధృతులను పూర్తిగా కిందికి వదిలితే చాలు. అదే వరదలో శివారు చెరువులు కాలువ ద్వారా నింపుకోవచ్చు. మదుములు బాగున్న చెరువు రైతుకు దగ్గర్లోని రిజర్వాయరు, కొంగకు మేత గుంట, ఊరి నూతికి ఊట. సెప్టెంబరు చివర, అక్టోబరులో వరి పొట్ట మీదున్నప్పుడు వాన చెయ్యిస్తే హిరమండలం నుంచి వంతుల వారీగా నిండు కాలువ శివారుకు పోవాలి. రిజర్వాయరు ఉన్నదే ఆ వారాల కోసం. జనవరి తర్వాత సాగుకు కోరేది తక్కువ. అప్పటి నిలవలో తాగునీటికి పెట్టినదాన్ని ఎవరూ ముట్టకూడదు. ఎండాకాలమంతా సన్నగానైనా ఒక పారకం గొట్టా దాటి సాగితే దిగువ ఊట బావులు, ఒడ్డు నూతులు, మొగ మూడూ నిలబడతాయి.

ఇందులో ఏదీ నేరడి పూర్తయ్యేదాకా ఆగాల్సిన పని కాదు. తూము గడపల కొలతలు, చివరి తూము దగ్గర నీటి మట్టం రోజూ రాసి ఊరి సచివాలయంలో అంటించడం, గెడ్డల పూడిక, ఊట బావుల పరిసరాల్లో ఇసుక తవ్వకంపై నిషేధం జిల్లా స్థాయిలోనే తేలే విషయాలు. నేరడికి మాత్రం రెండు రాష్ట్రాలూ కదలాలి. బ్యారేజీ లేచిన రోజున కాట్రగడ్డ గేటు మూతపడుతుంది, నదిని ఆపే, వదిలే అధికారం కొత్త తూముల చేతికి వెళుతుంది. ఆ తూములను నడిపే నిబంధనలు రాసేటప్పుడు గొట్టా దగ్గరి మట్టంతో పాటు గార శివారు తూము దగ్గర, కళింగపట్నం మొగ దగ్గర ఏ నెలలో ఎంత నీరు ఉండాలో కూడా అంకెలతో చేర్చాలి.